కూత ఆగిన బండి

పోయిన వారం నిదానాన్ని మనం ఎక్కడ వదిలేశాం? బావగారి ఆఫీసు గదిలో, బల్ల మీద లారీ తాళాలు విసిరికొట్టి గుమ్మం దాటుతుండగా వదిలేశాం. ఈ పేజీ ఇవాళే తిప్పినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. అతని అసలు పేరు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఎదురుపడ్డ ప్రతి డ్రైవరుకీ "నిదానం, నిదానం" అని చెప్పీ చెప్పీ చివరికి అదే అతని పేరైపోయింది. స్టీరింగు దగ్గర ఎంత నిదానమో, నోటి దగ్గర అంత తొందర. అతను నడిపే లారీ సొంత అక్క మొగుడిది. టైల్స్ లోడుతో కొండ దిగాల్సిన ఆ లారీకి, బ్రేకులు పట్టడానికి కావలసిన గాలి ట్యాంకులో నిలవడం లేదు. గాలి తగ్గినప్పుడల్లా డ్యాష్‌బోర్డు కింద బజరు కుయ్యిమని కూస్తుంది. నిన్న దారి పొడవునా అది కూస్తూనే ఉంటే, నిదానం సగం దారిలో బండి తిప్పుకుని లోడుతో సహా షెడ్డుకి తెచ్చేశాడు. బావ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "బాగుచేయించేదాకా ఈ బండి ఎక్కను" అని ఇతను తాళాలు విసిరాడు. అదీ సంగతి.

తెల్లారింది. అక్క ఫోన్ చేసింది. నిదానం ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఫోన్‌ని మంచం మీద బోర్లించి గోడకేసి తిరిగి పడుకున్నాడు.

"ఎత్తొచ్చుగా, అవతల ఉన్నది మీ అక్కే కదా, పులి కాదుగా?" అంది భార్య, తడి బట్టలు దులుపుతూ.

"ఎత్తను. ఎత్తానంటే 'ఏదో అన్నాడులేరా మీ బావ, వచ్చెయ్యి' అంటుంది. నేను కరిగిపోతాను. వెళ్లి మళ్లీ ఆ బండే ఎక్కుతాను."

"ఎక్కితే ఏం?"

"ఏమీ లేదు. నువ్వు బొట్టు తీసేయాలి, అంతే."

ఆ మాటకి ఆవిడ తడి చొక్కా తీసి అతని వీపు మీద ఫట్‌మని కొట్టింది. పొద్దున్నే ఏం నోరది అని తిట్టింది. నిజమే, నోరు మంచిది కాదు. కానీ కడుపులో ఉన్నది ఎలాగోలా బయటికి రావాలిగా. అతను ఇది ఇవాళ చెబుతున్నది కాదు. కుడివైపు అద్దం పగిలి టేపుతో నిలబడి ఉందని చెప్పాడు, చెవిన పెట్టలేదు. గాలి ఎంతుందో చూపించే మీటరులో సూది ఎప్పుడో బిగుసుకుపోయింది, బండి నడిచినా నిలబడినా నిండుగా ఉన్నట్టే చూపిస్తుందని చెప్పాడు, "సూది లేకపోతే ఏం, కూత ఉందిగా" అన్నాడు బావ. సరే, ఇప్పుడు ఆ కూత రోజంతా కూస్తోందిరా నాయనా అంటే, "నీకెప్పుడూ ఏదో ఒక నస" అంటాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది వ్యవహారం. పైగా ఆ చెవిటివాడు శంఖం ఊదేవాడినే పిచ్చివాడంటున్నాడు!

అలిగినవాడికి మంచం మీద ఎంతసేపని తోస్తుంది? ఎండెక్కాక లేచి, స్నానం చేసి, "షెడ్డు వైపు ఊరికే అలా వెళ్లొస్తా" అన్నాడు. భార్య నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగింది.

స్కూటరు మీద వెళుతుండగా జేబులో ఫోన్ మోగింది. అక్కే అయ్యుంటుందనుకున్నాడు. అక్కే కాదు, దేశాన్ని ఏలేవాళ్లు చేసినా బండి మీద ఉండగా నిదానం ఫోన్ ఎత్తడు. అది అతని నియమం. మోగీ మోగీ ఆగిపోయింది.

షెడ్డు గేటు తీసే ఉంది. లోపల రేకుల కింద నిన్న తను నిలబెట్టిన చోట లారీ లేదు. నేల మీద ఆయిల్ మరక మాత్రం ఉంది. అవతల రెండో లారీ కింద నుంచి మెకానిక్ కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి. ఆ మెకానిక్‌ని అందరూ స్పానర్ అంటారు. బక్కపల్చగా, తల మాత్రం పెద్దగా ఉంటాడు.

"వచ్చావా మహానుభావా!" అక్క ఆఫీసు గదిలోంచి బయటికొచ్చింది. "ఎన్నిసార్లు చేశానురా! రిపేరు అయిపోయింది, వచ్చి బండి తీసుకెళ్లమని చెబుదామనే చేశాను. నీకోసం చూసి చూసి చిన్నోడు తీసుకుపోయాడు."

చిన్నోడంటే అక్క కొడుకు. పేరుకే చిన్నోడు, గుమ్మం దగ్గర తల వంచకపోతే బొప్పి కడుతుంది. లారీ నేర్పింది నిదానమే. ఈ మధ్యే సొంతంగా లోడు తోలుతున్నాడు.

"రిపేరు అయిందా? నిజంగా?"

"ఆ. రాత్రే చేయించారట మీ బావ. నువ్వు అంతలా అరిచి వెళ్లాక ఆయనకీ ఏదోలా అనిపించినట్టుంది. పైకి చెప్పరులే."

నిదానానికి ఒక్కసారిగా గుండెల మీంచి బరువు దిగింది. అబ్బ! ఇన్నాళ్లకి తన మాట చెల్లింది. పొద్దున్నుంచీ మొహం ముడుచుకున్నందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది. అక్క ఇచ్చిన టీ గ్లాసు పట్టుకుని, ఈల వేసుకుంటూ షెడ్డు మూలకి వెళ్లాడు. అక్కడ ఒక పాత డ్రమ్ము ఉంటుంది. అందులో ఉండేది పాత సామాను.

ఆ డ్రమ్ము సంగతి చెప్పాలి. బావ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. కొత్త సామాను వేశామని చెప్పి మెకానిక్‌లు మోసం చేస్తారేమోనని ఆయన ఒక రూలు పెట్టాడు. కొత్తది వేస్తే పాతది తెచ్చి ఈ డ్రమ్ములో పడేయాలి. పాత ముక్క చూపించందే ఎవడైనా సరే, ఆయన దగ్గర కొత్త ముక్క మాట ఎత్తకూడదు. ఈ రూలు తప్పించుకున్నవాడు ఇంతవరకు లేడు.

నిదానం డ్రమ్ము దగ్గరికి వెళ్లింది అనుమానంతో కాదు, సంబరంతో. ట్యాంకు వెనక ఉన్న గాలి పైపు చీలిందని అతను మొదట్నుంచీ మొత్తుకుంటున్నాడు. ఆ చీలిన పైపు బయటికి తీసి, బావ ముక్కు ముందు ఊపి, "చూశావా? ఇప్పుడేమంటావు?" అనాలని అతని సరదా.

డ్రమ్ములో చెయ్యి పెట్టి కెలికాడు. అరిగిపోయిన క్లచ్ ప్లేటు. తెగిన ఫ్యాన్ బెల్టు. బేరింగులు. అన్నింటి మీదా దుమ్ము పేరుకుని ఉంది. ఇంకా లోపలికి, మోచేతి దాకా పెట్టి వెతికాడు. కొత్తగా పడ్డ పాత సామాను ఒక్కటీ తగల్లేదు. ఈల ఎప్పుడు ఆగిపోయిందో అతనికే తెలియలేదు.

"ఏం, అలక తీరిందా కొత్త అల్లుడుగారికి?" బావ వెనకనుంచి వచ్చాడు, చెవి మీద పెన్సిలుతో.

"తీరింది బావా. పాత పైపు ఏది?"

"ఏ పాత పైపు?"

"కొత్తది వేయించావుగా. పాతది ఏది అంటున్నా."

"ఉంటుందిలే ఎక్కడో. వచ్చీ రాగానే మొదలెట్టావా?"

"ఎక్కడో ఉండదు బావా, ఇక్కడే ఉండాలి. నీ రూలే కదా. పోయినసారి స్పానర్ పాత నట్టు ఒకటి తేవడం మర్చిపోతే వాణ్ణి ఎండలో మళ్లీ వెనక్కి పంపావు. అలాంటిది పైపంత పైపు లేకపోతే నువ్వు ఊరుకున్నావా?"

బావ మొహం కందగడ్డలా అయింది. "ఏమయ్యా, నీకు కావలసిందేమిటి? కూత ఆగాలి. ఆగింది! నేనే స్వయంగా బండెక్కి షెడ్డు చుట్టూ తిప్పి చూశాను. చడీ చప్పుడూ లేదు. బ్రేకు తొక్కితే చక్కగా పట్టింది. ఇంకా ఏం చేయమంటావు, బండికి పల్లకీ కట్టమంటావా?"

"పాత పైపు ఏది బావా?"

"అదిగో, మళ్లీ అదే! కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే. నిన్న లోడు వెనక్కి తెచ్చి నా పరువు తీశావు. ఇవాళ మళ్లీ నా రూలు నాకే చెబుతున్నావు. నీ పీడ పడలేకే కదా నా కొడుకుని పంపుకున్నది!"

"బావ బతుకు బావమరిది కోరతాడంటారు. కోరాను కాబట్టే ఇన్నాళ్లూ అరిచాను. లేకపోతే నాకేం పట్టింది?" నిదానం గొంతు షెడ్డు రేకులకి తగిలి మోగింది. "అద్దం అన్నాను, వినలేదు. సూది అన్నాను, వినలేదు. నేనేదో సుఖం మరిగి పని తప్పించుకుంటున్నట్టు మాట్లాడావు. సరే, పోనీ. నన్ను తిట్టుకో. ఆ పైపు మార్చావా లేదా? ఒక్క ముక్క చెప్పు!"

అక్క గుమ్మంలో నిలబడి మొగుణ్ణీ తమ్ముణ్ణీ మార్చి మార్చి చూస్తోంది. లారీ కింద స్పానర్ కాళ్లు కదలడం మానేశాయి. అది చూసింది నిదానం కళ్లే.

"ఒరేయ్ స్పానర్! బయటికి రా."

కాళ్లు ఇంకా లోపలికి జరిగాయి.

"వస్తావా, నేను రానా?"

స్పానర్ పాక్కుంటూ బయటికొచ్చాడు. చేతుల గ్రీజు గుడ్డకి తుడుచుకుంటూ, తుడిచిన చోటే మళ్లీ తుడుచుకుంటూ నీళ్లు నమిలాడు. "పైపు దొరకలేదన్నా. ఆ సైజు రేపు వస్తుందన్నాడు కొట్టువాడు. అయ్యగారేమో ముందా కూత ఆపెయ్, మిగతాది తర్వాత చూద్దాం అన్నారు. అందుకని... ఆపాను."

"ఎలా ఆపావు?"

స్పానర్ రెండు వేళ్లు చాపి, కత్తెరలా కలిపి చూపించాడు.

నిదానం ఆ రెండు వేళ్ల వంకే చూస్తున్నాడు. బజరు వైరు కత్తిరించారు. గాలి కారుతోంది నాయనలారా అని మొత్తుకుంటున్న నోరు ఒక్కటుంటే, ఆ నోరు మూసేశారు.

"ఏడుస్తున్న పిల్లకి పాలు పట్టండ్రా అంటే, నోరు కుట్టేశారు కదరా!"

"నేను బండి షెడ్డులోనే ఉంటుందనుకున్నానన్నా!" స్పానర్ ఏడుపు మొహం పెట్టాడు. "పైపు వేశాక వైరు మళ్లీ కలిపేద్దామనుకున్నా. పొద్దున వచ్చేసరికి బండి లేదు. చెబుదామంటే అయ్యగారికి కోపమొస్తుందని..."

"కోపమొస్తుందని!"

బావ చెవి మీది పెన్సిలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు. "నేను... ఆ బజరే పాడైందనుకున్నా. బ్రేకు బాగానే పడుతోందిగా, ఇది ఊరికే కూస్తోందనుకున్నా. కూత ఆగిందంటే బాగైందనే కదా అనుకుంటాం!"

అబద్ధం కాదది. అందుకే నిదానానికి ఇంకా మండిపోయింది. మోసం చేసినవాణ్ణి చొక్కా పట్టుకోవచ్చు. నిజంగానే నమ్మేసినవాణ్ణి ఏం చేయాలి?

"ఉండండి, ఉండండి." అక్క గుమ్మం దిగి వచ్చింది. "అంటే చిన్నోడు ఎక్కిన బండికి బ్రేకు లేదా?"

"ఉంది అక్కా. రోడ్డు చదునుగా ఉన్నంతసేపూ ఉంటుంది. ఇంజిను కొట్టిన గాలి కొట్టినట్టే కారిపోతున్నా ఏదోలా సరిపోతుంది. కొండ దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ తొక్కాలి. అప్పుడు చాలదు. అయిపోతుంది. అయిపోతోందని చెప్పేది ఆ కూత ఒక్కటే."

బావ అప్పటికే ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్లీ కొట్టాడు. "ఎత్తడేం వీడు! కొండ ఎక్కేశాడో, ఎక్కడున్నాడో... ఎత్తరా!" మూడోసారి కొడుతుంటే చేతిలోంచి ఫోన్ జారింది. వంగి తీసుకున్నాడు.

అక్క మాత్రం తమ్ముడి మొహంలోకే చూస్తోంది. కొడుకు ఎందుకు ఎత్తడో ఆవిడకి తెలుసు. అందరికీ తెలుసు. నేర్పిన మొదటి రోజే చిన్నోడు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్ తీశాడు. నిదానం బండి ఆపించి, కిందికి దింపి, నలుగురిలో నిలబెట్టి చెప్పాడు: "బండి కదులుతుండగా ఫోన్ ముట్టుకున్నావంటే వేళ్లు విరగ్గొడతా. మీ అమ్మ చేసినా సరే, మీ నాన్న చేసినా సరే, నేను చేసినా సరే. ముందు ఆగు, తర్వాత మాట్లాడు." చిన్నోడు అప్పట్నుంచీ మళ్లీ ముట్టుకోలేదు. ఈ షెడ్డు మొత్తంలో నిదానం మాట విన్న మనిషి వాడొక్కడే.

"కారు తియ్యండి! నుంచున్నారేం?" అని మొగుడి మీద అరిచింది అక్క. బావ తాళాల కోసం ఆఫీసులోకి పరిగెత్తాడు. బల్ల మీద నిన్న విసిరిన చోట నిదానం తాళాలు లేవు కదా, అవి లారీతో పోయాయి. కారువి ఎక్కడున్నాయో కనబడక సొరుగులన్నీ లాగి పడేస్తున్నాడు. చేతులు కాలాక ఆకులు వెతకడం అంటే అదే.

నిదానం తన ఫోన్ తీశాడు. కొండ మీద, దిగుడు మొదలయ్యే చోట ఒక టీకొట్టు ఉంది. డ్రైవర్లందరూ అక్కడ ఆగుతారు. నడిపే ఆవిడని అందరూ పిన్ని అంటారు. ఆవిడ నంబరు కొట్టాడు. దిగే ముందు అక్కడ ఆగాలి, దిగి చూసుకోవాలి అనేది కూడా నిదానం నేర్పిన పాఠమే. ఆగి ఉంటాడు. ఆగకుండా ఉండడు. ఆగి ఉంటే చాలు!

"ఏమయ్యా నిదానం! కనబడి ఎన్నాళ్లైంది? మా టీ చేదైందా?"

"పిన్నీ, మా చిన్నోడు, టైల్స్ లోడు..."

"వచ్చాడయ్యా వచ్చాడు. అబ్బో, నీ శిష్యరికం ఊరికే పోలేదు. ఈ మధ్య కుర్రాళ్లు కిందికి దిగకుండానే 'టీ ఇలా అందించు పిన్నీ' అంటున్నారా, వీడేమో..."

"పిన్నీ, వాడు అక్కడున్నాడా?"

"చెప్పనిస్తేగా! టైర్లన్నీ ఒక్కొక్కటే కొట్టి చూసుకున్నాడు. తాళ్లు లాగి చూసుకున్నాడు. 'మామయ్య ఎత్తడం లేదు, బండి మీద ఉన్నట్టున్నాడు' అని నీకు ఫోన్ కూడా చేశాడు. తర్వాత ఇంజిను వేసి, అందరినీ కాసేపు నోరు మూసుకోమని, చెవి రిక్కించి కూర్చున్నాడు. మేమంతా ఒకటే నవ్వు. ఏందిరా అంటే, 'మా మామయ్య చెప్పాడు పిన్నీ, సూదిని నమ్మకు, కూతని నమ్ము అని. కూత లేదు. గాలి నిండుగా ఉంది. భయం లేదు' అన్నాడు."

స్కూటరు మీద ఉండగా జేబులో మోగిన ఫోన్ అక్కది కాదు.

"పిన్నీ... ఎక్కడున్నాడు వాడు?"

"ఇప్పుడే కదిలాడుగా. అదిగో, ఇంకా కనబడుతున్నాడు, మొదటి మలుపు దగ్గర..."

"కేకెయ్ పిన్నీ! ఆపమను! బ్రేకు లేదు, బండికి బ్రేకు లేదని చెప్పు! బైకు మీద ఎవరినైనా పంపు!"

అవతల ఫోన్ దేని మీదో దభీమని పడింది. పిన్ని గొంతు అరుస్తూ అరుస్తూ దూరమైంది. ఎవరో బైకు స్టార్ట్ చేశారు, అది అందుకోలేదు, మళ్లీ కొట్టారు. ఎక్కడో కింద లారీ హారన్ ఒక్కసారి వినిపించింది. మలుపు దగ్గర హారన్ కొట్టాలి. అది కూడా నేర్పిందే. ఆ తర్వాత ఖాళీ టీకొట్టులో స్టవ్ బుసబుస తప్ప ఇంకేమీ వినబడలేదు.

నిదానం ఆ ఫోన్ పెట్టేసి చిన్నోడి నంబరు నొక్కాడు. బయట కారు స్టార్టయింది. అక్క ఎక్కి తలుపు తెరిచి పట్టుకుని రమ్మని పిలుస్తోంది. అతను ఫోన్ చెవికి నొక్కుకుని అక్కడే నిలబడ్డాడు. అవతల మోగుతోంది. వాడికి వినబడుతూనే ఉంటుంది. పక్క సీటు మీదో, చొక్కా జేబులోనో మోగుతుంటే, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, చూపు రోడ్డు మీదనుంచి తిప్పకుండా, మామయ్య చూస్తే మెచ్చుకుంటాడని అనుకుంటూ ఉంటాడు.

"ఎత్తరా," అన్నాడు నిదానం. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయని అతనికి తెలియలేదు. "ఎత్తరా చిన్నోడా. ఈ ఒక్కసారికీ నా మాట వినకురా."